తెల్ల తీసేసిన దుంగ

మేడ్చల్‌లో మా కోత మిల్లుకు వచ్చేవాళ్లంతా చెక్క కోసమే వస్తారు. గీతల కోసం వచ్చింది ఆ అమ్మాయి ఒక్కతే.

యూనివర్సిటీలో పరిశోధన చేస్తోందట. చెట్టు ఏడాదికొక వలయం వేసుకుంటుంది. వానలు బాగా పడిన ఏడు వెడల్పుగా, ఎండిన ఏడు సన్నగా. ఆ వెడల్పులు కొలిచి, నీళ్ల లెక్కలు ఎవరూ రాయని కాలంలో గోదావరి ఏ ఏడు ఎంత పారిందో అంచనా కడతారని చెప్పింది. నేను మిల్లు ట్రాలీ ఆటో నడిపేవాణ్ని, ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ని. అయినా సులువుగానే ఎక్కింది. మా ఇంట్లోనూ జీతం వచ్చిన వారం రొట్టె మందంగా, నెలాఖరున పల్చగా ఉంటుంది.

అటవీ శాఖ డిపో వేలంలో వచ్చిన ముసలి టేకు దుంగ ఒకటి మా దగ్గర పడి ఉంది. గోదావరి వైపు అడవిది, బెరడుతో సహా. అంత వయసు దుంగ కోసం ఆమె చాలా మిల్లులు తిరిగిందట. ఎక్కడ చూసినా పొలం గట్ల మీద పెరిగిన పిల్ల టేకే. దీని మొదలు దగ్గర అడ్డంగా ఒక బిళ్ల కోసిస్తే చాలంది. మిల్లు సేటు సరేనన్నాడు. రెండు రోజులాగి వస్తానని వెళ్లింది.

రంపం మీద ఉండేది మా బావ, అక్క మొగుడు. మర్యాద తెలిసిన మనిషి. చిక్కంతా అక్కడే వచ్చింది. బెరడు కింద ఉండే లేత చెక్కను మేము తెల్ల అంటాం. పురుగు పట్టేది దానికే. లోపలి ఎర్రటి చేవే అసలు సరుకు. గిరాకీకి, అంటే కొనేవాడికి, తెల్లతో సరుకు ఇవ్వడం మా పనిలో తలవంపు. పైగా చదువుకున్న పిల్ల. బావ ముందు దుంగను నాలుగు పక్కలా కోసి చదరం చేశాడు, ఆ తర్వాతే బిళ్ల తీశాడు. గరుకు కాగితంతో రుద్ది, తుడిచి, మిఠాయి డబ్బా ఇచ్చినట్టు ఆమె చేతికిచ్చాడు.

"సూడున్రి మేడం, యాడనన్న ఈంత తెల్ల గనపడితే నా పేరు మార్చుకుంట."

ఆమె బిళ్లను నాలుగు అంచులూ తిప్పి చూసింది.

"బెరడు ఏదన్నా?"

"తీసేసిన. గదేం జేస్కుంటరు?"

ఆమె అరిచినా బాగుండేది. మెల్లగా చెప్పింది. చెట్టును ఏ ఏడాది కొట్టారో డిపో వాళ్ల దగ్గర ఉంటుంది. బెరడును ఆనుకున్న వలయం ఆ ఏడాదిది. అక్కడినుంచి లోపలికి ఒక్కో ఏడు వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్లాలి. పైవి పోతే ఎన్ని పోయాయో తెలియదు. ఇక లోపల ఏ గీత ఏ ఏటిదో చెప్పలేం.

"ఇప్పుడిది ఉత్త పీట అన్నా" అంది.

"బావా, నువ్వు గోదావరికి గుండు గొట్టిచ్చినవ్" అన్నాను.

"నీకు నవ్వులాటగుందా బామ్మర్ది? పిల్ల మొఖం జూడు. గా పక్క చెక్కలు యాడేసినవ్?"

ముందురోజే వాటిని శామీర్‌పేట చెరువు దగ్గర చేపలు వేయించి అమ్మే, అందరూ అక్కా అని పిలిచే ఒకామెకు పొయ్యిలోకి వేసి వచ్చాను. ముగ్గురం ట్రాలీ ఎక్కాం. మేం వెళ్లేసరికి మూకుడు కింద మంట జోరుగా ఉంది.

"టేకు కట్టె మస్తు మండుతాంది తమ్మీ, ఇంకో ట్రిప్పెయ్యి" అంది అక్క.

బావ పొయ్యి ముందు వంగి చూశాడు. "అన్ని పొయ్యిల వోయినయా అక్కా?"

"ఒక్కటి ఎడల్పుగుండెనని ఇటుకల మీద ఏసిన. గిరాకీ కూసునేటందుకు."

దాని మీద ఒక పెద్దమనిషి కూర్చుని నిదానంగా చేప ముళ్లు తీసుకుంటున్నాడు.

"పెద్దయ్యా, జర లేవు. గోదావరి మీద కూసున్నవ్" అన్నాను.

"పైసలిచ్చి కూసున్న" అన్నాడాయన కదలకుండా.

ఆయన చేప అయ్యేదాకా నిలబడ్డాం. ఆ తర్వాత అక్క అడ్డం పడింది. "బల్ల వట్కవోతే నా గిరాకీ యాడ కూసోవాలె? నీ నెత్తి మీదనా?" బెరడు లేని నున్నటి టేకు పలక తెచ్చిస్తానని బావ మాటిచ్చాకే వదిలింది.

మిల్లులో బావ కొలత పట్టి, బిళ్ల తీసిన చోటుకు సరిగ్గా ఆ పక్క చెక్కను అడ్డంగా కోసి పక్కన ఆనించాడు. గీతలు కలిశాయి. కానీ రంపం తిన్న మందం మేర మధ్యలో సందు. అందులో ఏదైనా ఏడు రంపపు పొట్టయి పోయిందేమోనని ఆమె భయం. భూతద్దం పెట్టి, అంచు దగ్గర తెగిన వలయాన్ని పట్టుకుని బిళ్ల మూల దాకా వెళ్లింది. గుండ్రటి దుంగను చదరం చేస్తే మూలల్లో బయటి వలయాలు కొంత మిగులుతాయి కదా. సందులో పోయినవి అక్కడున్నాయి. "దొరికాయి" అందామె. ముక్కలు రెండూ చున్నీలో చుట్టుకుని ఆమె బస్సెక్కింది.

పలకను మర్నాడు అక్కకు దింపాను. ఆ వారంలోనే పిలిచి నిలదీసింది.

"గిదేం బల్ల తమ్మీ, జారుతాంది. కూసున్నోడు చేప ఒడవకముందే లేస్తాండు. గా గోదావరే మంచిగుండె."

ఈ మాట బావకు చెప్పలేదు. చెబితే మర్యాద కొద్దీ ఆ పలకను కూడా తెచ్చి మళ్లీ కోస్తాడు.