తిప్పనివ్వని పుట

మా వీధిలో బోరు వేస్తున్నారు. తడి రాతిపొడి వాసన ఇంట్లోకి వస్తోంది. కిటికీ మూయబోయిన మనవరాలిని కసిరాను. అది మునెప్ప వాళ్ల నాన్న చొక్కా వాసన.

చిన్నప్పుడు బంగారు గనుల కూలీల లైనిళ్లలో మునెప్ప నాకు జత. బడికి పోని నాకు అక్షరాలు చూపించింది వాడే. ఇద్దరం గడప మీద కూర్చొని ఒకే నవలను వంతులేసుకొని పైకి చదివేవాళ్లం. ఒక మధ్యాహ్నం ఆ కథలో గని కప్పు కూలింది, కథానాయకుడి తండ్రి లోపల చిక్కుకున్నాడు. అప్పుడే మా కింద నేల అదిరింది. లోతులో రాయి పగిలినప్పుడల్లా అదిరేదే. కానీ ఆ పూట మునెప్ప నాన్న కూడా లోపలే ఉన్నాడు.

మునెప్ప పుట మీద అరచెయ్యి అదిమాడు. “తిప్పొద్దురా. తిప్పితే సచ్చిపోతాడు.”

నేనూ నమ్మాను. కుర్చీలో కూర్చొని మనుషుల మీద రాళ్లు పడేసిన ఆ రచయిత మీద ఒళ్లు మండింది.

షిఫ్టు ముగిసిన కూత వేసేదాకా అలాగే కూర్చున్నాం. తర్వాత కాసేపటికి వాళ్ల నాన్న నడిచి వచ్చాడు.

“ఏమప్పా, బుక్కునట్ల అదిమి పట్టుకోనుండారు? పారిపోతాదా ఇంగ?”

మునెప్ప ఆయన నడుము చుట్టేసుకున్నాడు. సంగతి నేనే చెప్పాను. చదువు రాని ఆ మనిషి మా పక్కనే గడప మీద కూర్చొని, రాతిపొడి అంటిన బొటనవేలితో తానే పుట తిప్పాడు. “చదువప్పా. వాడూ పైకొచ్చినాడేమో చూస్తాము.”

రాలేదు. మునెప్ప ఏడవలేదు. తండ్రి తొడ మీద తల పెట్టి, “కత గదరా” అన్నాడు.

ఆ మాట అనాలంటే తల కింద ఆ తొడ ఉండాలని నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు.