ఎప్పటిదాక?

మా ఆఫీసులో ఎవరు టోకెన్ అడిగినా మా మేడం అడిగే మొదటి మాట "ఎప్పటిదాక?". సర్వర్ల పాస్‌వర్డులన్నీ దాచిన ఖజానాకు ఆమె కాపలా ఉండేది. అది తెరుచుకోవాలంటే ఆమె ఇచ్చే టోకెన్ కావాలి, ఆ టోకెన్‌కు గడువు ఉండి తీరాలి. పెద్ద సారు అడిగినా అదే ప్రశ్న.

ఆఫీసుకు రావడానికి రోజూ ఆమె తాండూరులో రైలెక్కేది, నేను వికారాబాదులో. పక్క సీట్లో బ్యాగు పెట్టి నాకోసం జాగా ఆపేది.

నేను ఆమె కింద పనిలో చేరిన కొత్తలో, ఆమె బదులు మాటిమాటికీ టోకెన్లు ఇవ్వలేక విసుగొచ్చి ఒక టోకెన్‌ను గడువు లేకుండా ఇచ్చేశాను. తీసుకున్నతను దాన్ని ఇంటర్నెట్‌లో ఊరందరికీ కనబడే కోడ్‌లో పెట్టేశాడు. ఎవరూ వాడకముందే మేడం చూసి రద్దు చేసింది. మీటింగులో నా పేరు ఎత్తలేదు. మర్నాడు రైల్లో తన నెల పాసు తీసి నా చేతిలో పెట్టింది.

"గీ పాసుకే తారీఖుంటది బిడ్డా. నువ్విచ్చినదానికి ఉండొద్దా?"

అంతే, మళ్లీ ఆ ఊసెత్తలేదు. నా ఉద్యోగం నిలిచింది.

రోజూ ఇంత దూరం తిరగలేనని ఆమె మానేసిన రోజు, పనంతా నాకు అప్పగించి, "ముందుగాల నా టోకెన్ తీసెయ్," అంది. తెర మీద ఆమె పేరు తెరిచి, ఆమె వైపు తిరిగాను.

"ఇయ్యాలటికి ఉండనీ మేడం."

ఆమె నవ్వింది. "ఎప్పటిదాక?"

తీసేశాను. ఇప్పటికీ వికారాబాదులో రైలెక్కగానే ఆమె బ్యాగు కోసం వెతుకుతాను. ఆ వెతుకులాటకు మాత్రం గడువు పెట్టలేదు.