సముద్రం అడుగున బురదను ప్రేమించిన మా సుందరం

నిన్న పొద్దున ప్రార్థనలో ఉంటే ఫోన్. సుందరం కూతురు.
"పెదనాయనా, నాయన లేడు."



రాత్రి నిద్ర లేదు. బైబిల్ తెరుస్తాండా, మూస్తాండా. ఏ వాక్యమూ నిలవడంల్యా.

సుందరం మా ఆళ్లగడ్డ వాడే. నంద్యాలలో జువాలజీ లెక్చరర్. తీరంలో సముద్రం అడుగు బురదలో నత్తలు, పురుగులు యాడ గుంపుగా బతుకుతాయి, యాడ బతకవు... అదే వాని రీసెర్చ్. సముద్రమే లేని సీమలో పుట్టి!

డెబ్బైల మాట. సెలవులొస్తే గానీ సముద్రానికి పోలేడు. అందుకే కుందూ ఏట్లో ప్రాక్టీస్. చదరంగా ఉండే ఇనుప ఫ్రేమ్ విసిరేది, పడిన చోట బురద తవ్వేది, జల్లెడ పట్టేది.

వాన పడితే వజ్రాలు వెతికే జిల్లా మనది. జల్లెడ కనపడితే ఊరుకుంటారా?

"ఏం సారూ, రాయి తగిలిందా?" అన్నారు జనం.

వాడు అరచేతిలో పురుగును చూపించి "నాకిదే వజ్రం" అన్నాడు.

నమ్మితే కదా! తెల్లారేసరికి సగం వీధి జల్లెళ్లతో ఏట్లో దిగింది.

ఎనభైలల్లో ఒక ఎండాకాలం నన్నూ బందరుకు తీసకపోయినాడు. ఆటుకు నీళ్లు వెనక్కి తీసిన బురదలో కండ్లు మూసుకోని ఫ్రేమ్ విసురుతాండాడు.

"కండ్లెందుకు మూస్తావ్ రా?"

"తెరిస్తే నాకు నచ్చిన చోటికే పోతాదన్నా చెయ్యి."

ఒక చోట కుప్పలుగా నత్తలు. మూరెడు పక్కన ఒక్కటీ లేదు. నాకు రోషమొచ్చింది. నీళ్లు జీవుల్తో నిండాలని దేవుడు పలికితే ఈ బోడి నేల ఏందని అరిచినా.

"అరవకన్నా, ఉన్నవి గూడా పారిపోతాయి" అని నవ్వినాడు. "నా జల్లెడలో నిలవలేదు, అంతే. ఏమీ లేదని నేనెట్ల రాస్తా?"

భార్య పోయినాక చర్చికి రావడం మానేసినాడు. ప్రతి ఆదివారం నా ప్రసంగం అయినాక వాని గడప తొక్కినా. బతిమాలినా, తిట్టినా. టీ ఇచ్చి పంపేవాడు. 

ఇయ్యాల సాయంత్రం ఆళ్లగడ్డలో సమాధి. వాక్యం నేనే చెప్పాలంట. వాడే కూతురికి చెప్పిపెట్టినాడంట.

సంఘంలో ఒక పెద్దాయన నిన్ననే అడిగినాడు. "వాడు రక్షణ పొందినాడా? ఏమని చెప్తావప్పా?"

ఇన్నేండ్లు పరలోకం, నరకం మైకులో చూపించిన నోరు ఇది. 

నాకు తెలీదు. తీర్పు నాది కాదు. కానీ చర్చికి రానోడు సమాధి దగ్గర వాక్యం కావాలన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకోని నిలబడతా. సణిగేటోళ్లు సణగండి, మన్ను వేసేదానికి మాత్రం రాండి.

పోయి రా సుందరం. ప్రభువు నిన్ను చెయ్యి పట్టుకోని లోపలికి తీసకపోనీ.

నీకు నెమ్మది దొరకాల తమ్ముడూ. నాకింకా దొరకలేదు.