మామ తీసేయమన్న గొంతు

మా మామ పోయారని గాంధీపురం నుంచి అత్త ఫోన్ చేసింది. పొద్దున కాఫీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట.

నాకు కంప్యూటర్ నేర్పింది ఆయనే. బస్టాండు వెనుక మేడ మీద క్లాసులు నడిపేవారు. ఆయనకు ఓపిక ఎక్కువ, నాకు బొత్తిగా లేదు. తెర మీద తప్పు కనబడగానే ఏదో ఒకటి మార్చేసేదాన్ని. ముద్దుగా 'కన్ను' అని పిలుస్తూ చెయ్యి పట్టుకుని ఆపేవారు. "తొందర పడొద్దు కన్ను. ముందు లాగ్ చూడు, ఏమాయనో అదే చెప్తాది." లాగ్ అంటే యంత్రం తాను చేసిన ప్రతి పనీ రాసుకునే చిట్టా.

తమిళ బడుల్లో చదువుకున్న మావాళ్లకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. అందుకే మామ పెట్టిన వెబ్‌సైట్‌లో రాత లేదు, అన్నీ గొంతులే. పళని చుట్టుపక్కల ఊళ్లలో అవ్వల పక్కన కూర్చుని వాళ్ల పాటలు, ముచ్చట్లు రికార్డు చేసేవారు. మధ్యలో తన మాట పడితే కత్తిరించేసేవారు. "వాళ్లది వినల్ల, నాది ఎందుకు?" అనేవారు.

పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు కాలం చెల్లిందని పోయిన ఏడాది మామా నేనూ కలిసి సైట్‌ను కొత్తదానికి మార్చాం. అంతే, ఎవరు తెరిచినా "అనుమతి లేదు" అని వచ్చింది. ఒట్టన్‌చత్రం నుంచి ఒకామె మామకు ఫోన్ చేసి, "మా అవ్వ గొంతు ఏడ పోయె అన్నా?" అని ఏడ్చేసింది. ఆ అవ్వ అప్పటికే లేదు. మామ ముఖం చిన్నబోయింది.

అవ్వల రికార్డింగులకు ఏమైనా అవుతుందేమోనని వాటిని ముట్టుకోలేదు. పరీక్షకు మామ తన గొంతే రికార్డు చేసి పెట్టారు. "నేను మాట్లాడతా ఉండాను. వినపడతాదా? వినపడితే శరి."

లాగ్ చదివితే సంగతి తెలిసింది. ఎవరిని రానివ్వాలో చెప్పే మా పాత అనుమతి లైన్లు కొత్త సర్వర్‌కు పట్టవు. ప్రతి ఫోల్డర్‌కూ దాని పద్ధతిలో మళ్లీ రాస్తేనే జనాన్ని రానిస్తుంది. మామ నవ్వారు. "కొత్తిల్లు కదా కన్ను. తాంబూలం ఎత్తుకుని మళ్లీ ఇంటింటికీ పోయి పిలవల్ల." మావాళ్లు ఫోన్‌లో పిలిస్తే గృహప్రవేశానికి రారు మరి. లైన్లు మార్చి సర్వర్‌ను రీస్టార్ట్ చేశాం. మొదట వినిపించింది ఆయన గొంతే.

"పని అయిపాయ. అది తీసేయి," అన్నారు. తీసేశాను.

కర్మలన్నీ అయ్యాక బ్యాకప్‌లో వెతికాను, అక్కడా లేదు. అంతమంది గొంతులు దాచిన మనిషిది ఒక్క మాటైనా మాకు మిగల్లేదు. ఆ రోజు ఆయన మాట వినకుండా ఉండాల్సింది. ఈ బాధ నాకు పోదు.

సైట్‌లో అవ్వలందరూ మాట్లాడుతూనే ఉన్నారు. మామ గొంతున్న ఆ ఫైలు చిరునామా నా బ్రౌజర్‌కు ఇంకా గుర్తుంది, మొదటి అక్షరాలు కొట్టగానే మిగతాది తనే పూర్తి చేస్తుంది. నొక్కితే తెల్లటి పేజీ, "దొరకలేదు" అని. ఆయన నేర్పినట్టే ముందు లాగ్ చూశాను. సర్వర్‌లో తప్పేమీ లేదు.