ఏడో మంచం బెల్లు

బావమరుదులు అతన్ని మీటరు బావ అంటారు. పాలు విరిగాయని భార్య చెప్పినా కరెంటు కొలిచే మీటరు పెట్టి చూస్తాడని వాళ్ళ వేళాకోళం. అతను నవ్వడు, కోప్పడడు. ఇరవై ఏళ్ళుగా రేడియోలు, పంపుల స్టార్టర్లు, ఆ తర్వాత చిన్న చిప్పులతో నడిచే పెట్టెలు, ఇవే అతని పని. మనుషులు చెప్పేది సగం విని, మీటరు చెప్పేది పూర్తిగా నమ్మాడు.

ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డుకు బెల్లు పెట్టె చేసింది అతనే. పన్నెండు మంచాలు, మంచానికో స్విచ్చు, గోడ మీద పన్నెండు దీపాలు. స్విచ్చు నొక్కితే ఆ మంచం తీగ చిప్పు పిన్నుకు, అంటే దాని లోహపు కాలికి, కరెంటు తెస్తుంది. పెట్టె మోగుతుంది.

నెల తిరక్కముందే వార్డు ఆయా కబురు పెట్టింది. ఏడో మంచం బెల్లు ఎవరూ నొక్కకుండానే మోగుతోందట. ఆ మంచం మీది పెద్దావిడకు పక్షవాతం, మాట రాదు. నొక్కిందో లేదో చెప్పలేదు.

"ఎప్పుడు మోగుతుందమ్మా?" అని వార్డుకొచ్చి ఆయాను అడిగాడు.

"నేను ట్రాలీ తోసుకుంటూ పక్కనుంచి పోతే, బాబూ."

నర్సులు పకపకా నవ్వారు. "బెల్లు నీ మీద మనసు పడ్డట్టుందే!"

అతను పెట్టె తెరిచి ఏడో పిన్ను మీద మీటరు మొన ఆనించాడు. సున్నా. "ఇప్పుడు నడువమ్మా" అన్నాడు. ఆమె ట్రాలీ తోసింది. సున్నా. మళ్ళీ నడిపించాడు. రోగులు కూడా లేచి కూర్చుని చూశారు. మూడోసారి ఆమె తల దించుకుని నడిచింది. అంకె కదల్లేదు.

ఫిర్యాదుల పుస్తకంలో రాశాడు: పెట్టెలో లోపం లేదు. రోగి నొక్కితేనే మోగుతోంది.

అది చదివిన మేట్రన్, వెళ్ళడానికి బద్ధకించి బెల్లు మీద నెపం పెడుతోందని ఆయాను కింద బట్టలుతికే గదికి మార్చింది. పద్నాలుగేళ్ళు రోగుల్ని చూసుకున్న మనిషి. ఆ సంగతి అతని చెవిన పడింది, మనసుకు పట్టలేదు.

రెండు నెలల తర్వాత అలాంటిదే మరో పెట్టె చేస్తూ పాత ప్రోగ్రామే ఎక్కించాడు. తీగలు సర్దబోతే ఏడో దీపం వెలిగింది. చేయి వెనక్కి తీస్తే ఆరింది. మీటరు మొన ఆనించాడు. చేయి ఎంత దగ్గరికి తెచ్చినా వెలగలేదు. మొన తీశాడు. వెలిగింది.

పాత ప్రోగ్రాము తెరిచి వరుస వరుసా చదివాడు.

స్విచ్చు నొక్కనంతసేపూ పిన్ను గాలిలో వేలాడుతున్నట్టే. చిప్పు లోపల ఉన్న రెసిస్టరును పనిలో పెడితే అది పిన్నును సున్నా దగ్గర పట్టి ఉంచుతుంది. పట్టేది లేకపోతే పక్క తీగల్లో కరెంటుకూ, దగ్గరికొచ్చిన మనిషికీ, ఇనప ట్రాలీకీ ఊగుతుంది. పదకొండు పిన్నులకు ఆ ఆదేశం రాసి, ఏడోదానికి మరిచాడు. మీటరు లోపలా అలాంటి రెసిస్టరే ఉంటుంది. ఆ రోజు వార్డులో ఆ పిన్నును సున్నా దగ్గర పట్టి ఉంచింది అతని మీటరే.

"అప్‌డేటు అని చెప్పి సరిచేసి వచ్చెయ్యండి. ఎవరడుగుతారు?" అంది సంగతంతా విన్న భార్య.

"ఎవరూ అడగరు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళి ఏడో పిన్నును సరిచేసి, మేట్రన్‌కు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ కళ్ళద్దాలు తీసింది.

"కొత్త ఆయా ఆ బెల్లు మోగినప్పుడల్లా పరిగెడుతోంది. నోరు విప్పలేదు. విప్పితే ఏమవుతుందో చూసిందిగా. సరే, రేపట్నుంచి పాతామెను పైకి రమ్మంటాను. ఆ మాట మీరే చెప్పండి."

ఉతికే గదిలో ఆయా తడి దుప్పటి పిండుతోంది. అతను రెండో కొస పట్టుకోబోతే ఇవ్వలేదు. నిలబడే చెప్పాడు.

"అయితే ఆవిడ నొక్కలేదన్నమాట?"

"లేదమ్మా. తప్పు నాది."

ఆమె దుప్పటి వదిలేసింది. "నోరు లేని మనిషి పిలుస్తుంటే నేనే పట్టించుకోలేదేమోనని రెండు నెలలుగా నన్ను నేను తిట్టుకుంటున్నా బాబూ. మా అమ్మాయి దగ్గర ఏడ్చాను కూడా."

"నీ తప్పేం లేదమ్మా" అన్నాడు.

"నాకు చెబితే సరిపోదు. నవ్వినవాళ్ళకి చెప్పు. పద."

మెట్లెక్కి ఆమె వెనకే వార్డులోకి వెళ్ళాడు. నర్సులు తలెత్తారు. అతను మొదలుపెట్టాడు. గొంతు తనకే సరిగ్గా వినబడలేదు.

"గట్టిగా, బాబూ" అంది ఆయా. "చివరి మంచం దాకా వినబడాలి."

మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.