సవారీ అనిపించుకున్న బండి

వరిగడ్డి వాసన ఎక్కడ తగిలినా నాకు శేషయ్యగారు జ్ఞాపకం వస్తారు. నిన్న మార్కాపురంలో గడ్డి ట్రాక్టరు ఒకటి పక్కనుండి సాగిపోయింది. నేను ఎక్కడివాణ్ణక్కడే నిలిచిపోయాను.

మార్కాపురానికి చేరువ పల్లెలోని బడిలో ఆయన పెద్ద తెలుగు పండితులు, నేను కొత్తగా చేరినవాణ్ణి. శకటం, యానం, స్యందనం వంటి మాటల అర్థాలు నాకు కంఠస్థం. ఆయన మాత్రం ‘సవారీ బండి’ అంటే ఏమిటని పిల్లలడిగితే, “గూడు కట్టి పరుపేస్తే సవారీ అయితదా? ఎక్కినోళ్ళు దిగినంక వాళ్ళనడగాల” అనేవారు. అది పెద్దవారి చమత్కారమనుకునేవాణ్ణి.

ఒక వానాకాలపు మధ్యాహ్నం నా భార్య రాధకు నెలలు నిండకముందే నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని జంకి, ఆసుపత్రికి తీసుకుపొమ్మంది. బస్సు చెడిపోయింది. ఊళ్ళో దొరికినది పలకరాళ్ళు తోలే నాగన్న బండి ఒక్కటే.

“అయ్యోరా, ఇది రాళ్ళ బండి. కుదుపుకు ఎముకలు కదుల్తాయి. ఆయమ్మనెట్ల ఎక్కిచ్చేది?” అన్నాడు నాగన్న.

“బండిదేముంది నాయనా, తోలే తీరు మారుద్దాం” అంటూ శేషయ్యగారు గడ్డి దట్టంగా పరిపించి, దానిపైన నులకమంచాన్ని గుంజలకు మోకులతో ఉయ్యాలలా కట్టించారు. కాన్పుకు పోయే బండి ముందు ఇంటి పెద్ద నడుస్తూ గతుకులు పలకడం మా ఇళ్ళలో ఆచారం. మా నాయన అప్పటికే లేరు. శేషయ్యగారు పంచె ఎగగట్టి ఎద్దుల ముందు నడిచారు.

“గతుకు వస్తాంది తల్లీ, పట్టుకో!”

“మీ కేకకే అదురుతాండా అయ్యవారూ!” అంది రాధ, నొప్పిలోనే.

నాగన్న నవ్వి, “సవారీ బండే అయింది గదయ్యా” అన్నాడు.

“అప్పుడే అనమాకు. దిగనియ్యి.”

నేను నవ్వలేకపోయాను. నా చేతిలో ఆమె చెయ్యి చల్లబడుతూ ఉంది.

ఆసుపత్రి చేరిన కొంతసేపటికి లోపలినుండి పసి ఏడుపు వినవచ్చింది. “తల్లీబిడ్డా బాగుండారు” అని నర్సు చెప్పగానే నేను గోడవారగా కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. అంతవరకు మెట్టుమీద అరికాలి ముల్లు తీసుకుంటున్న శేషయ్యగారు లేచి, తలుపు బయటినుండే అడిగారు: “ఎట్లొచ్చినావు తల్లీ?”

“సుకంగానే వచ్చినా అయ్యవారూ.”

ఆయన నాగన్న వైపు తిరిగారు. “ఇప్పుడనరా, సవారీ బండని!”

ఆయన గతించి చాలా ఏళ్ళయింది. నేటికీ ఆటోలోనైనా కారులోనైనా ఇంటివారితో పోతున్నప్పుడు నేను ముందు కూర్చుని గతుకులు పలుకుతాను. “డ్రైవరుకు కండ్లున్నాయిలే నాయనా” అని, ఆనాడు పుట్టిన నా కూతురు విసుక్కుంటుంది. విసుక్కుంటూనే ముందున్న కడ్డీని పట్టుకుంటుంది.