గుండెనొప్పి ఆయనకు, స్ట్రెచర్ నాకు

నేను ఇంతవరకు ఏదీ రాసినదాన్ని కాదు. ఐదో తరగతి చదివిన. ఆ తర్వాత సంతకం పెట్టుడు తప్ప పెన్ను పట్టింది లేదు. ఈ ముచ్చట చాయ్ తాగుకుంట చెప్పబోతే నలుగురు నా మొఖం దిక్కు చూస్తరు, నాకు సిగ్గయితది, సగంల ఆపేస్త. మిగిలిన సగం మా బిడ్డ స్వప్న చెప్తది, లేనిపోనివి కలుపుతది. "అయితే నువ్వే రాయమ్మా, కాగితం ముందల కూడ సిగ్గేనా?" అన్నది. అందుకే రాస్తున్న.

సంగతేందంటే, పోయిన నెల మా ఇంట్ల గుండెనొప్పి వచ్చింది మా ఆయనకు. స్ట్రెచర్ మీద పండుకొని పోయింది నేను!

నవ్వకుండ్రి, ఎట్లయిందో చెప్త.

మా ఆయన బొగ్గుబాయిల పనిచేస్తడు. ఆ రోజు మొదటి షిఫ్టు చేసి మధ్యాహ్నం దాటినంక ఇంటికొచ్చిండు. ఎప్పుడు వచ్చినా కాళ్లు కడుక్కోకముందే "అన్నం పెట్టు" అంటడు. ఆ రోజు అన్నం మాటే లేదు. బూట్లు ఇప్పకుంట గడప మీద కూలబడ్డడు. అంగీ మొత్తం చెమటకు తడిసి ఒంటికి అంటుకున్నది.

"ఏందయ్యా, అట్ల కూసున్నవ్?"

"ఏం లేదే, గ్యాస్. ఛాతీల బరువున్నట్టున్నది. జర సోడ తెప్పియ్యి."

మా కాలనీల ఏ నొప్పైనా గ్యాసే. నడుము పట్టేసినా గ్యాసే. గుండె అన్న మాట మాత్రం బాయిల దిగేటోళ్లు నోట్లకెళ్లి రానియ్యరు. పనికి అన్‌ఫిట్ అంటరని వాళ్ల ఫికర్.

కానీ ఆయన దవడ పట్టుకున్నడు. ఎడమ చెయ్యి ఊకె పిసుక్కుంటున్నడు. మొఖం బూడిద పూసినట్టయింది. కొన్ని నెలల కింద మా కాలనీ హాల్ల ఆడోళ్లకు మీటింగ్ పెట్టి చెప్పిండ్రు. ఛాతీ మీద బరువు, చెమటలు, దవడకు చేతికి గుంజుడు, దమ్ము అందకపోవుడు... గిట్లుంటే సోడాలు తాపుకుంట కూసోవద్దు, మనిషిని నడిపియ్యొద్దు, వెంటనే అంబులెన్సుకు ఫోన్ చెయ్యాలె అని. ఆ రోజు నేను అన్నిటికంటే వెనక వరుసల కూసొని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న. అయినా చెవులకు ఎక్కినట్టే ఉన్నది!

లోపలికి పోయి ఫోన్ చేసిన. ఒక అమ్మాయి ఎత్తింది. ఆమె అడిగినవన్నీ చెప్పిన. నొప్పి ఎట్లున్నది, ఇల్లు ఎక్కడ, అన్నీ గడగడ చెప్పిన. నాకే ఆశ్చర్యమైంది.

"పేషెంట్ పేరు?"

గక్కడ ఆగిపోయిన. పెండ్లయిన కాన్నుంచి ఆయన పేరు నోటితోని తీసినదాన్ని కాదు. ఎక్కడన్న అడిగితే బిడ్డ దిక్కు చూస్త, అది చెప్తది. బిడ్డేమో ఇప్పుడు కమాన్‌పూర్‌ల, అత్తగారింట్ల.

"అమ్మా, పేరు! తొందరగా చెప్పండి!"

గట్టిగ అడిగేసరికి నోట్ల నుంచి వచ్చేసింది. "శంకరమ్మ."

అది నా పేరు.

ఫోన్ పెట్టినంక అనుకున్న, పేరుతోని ఏముంది, బండి వస్తే చాలు అని. గంతే నా తెలివి.

మా క్వార్టర్లన్నీ ఒక్క తీరుగనే ఉంటయి. కొత్తోళ్లకు దొరకయి. అందుకని రోడ్డు మీదికి ఉరికిన. బండి వచ్చింది. "ఎక్కు అక్కా, ఇల్లు చూపియ్యి" అన్నడు డ్రైవర్. ఎరుగని మొగాయన పక్కన ఎట్ల కూసోవాలె? సిగ్గయింది. "ఎనక రాండ్రి" అని చెయ్యి ఊపి ముందల ఉరుకుడు మొదలువెట్టిన. ముందల నేను, వెనక కుయ్యి కుయ్యిమనుకుంట అంబులెన్సు! కాలనీ కాలనీ గడపలల్లకు వచ్చి నిలబడి చూస్తున్నది.

ఇంటికాడికి వచ్చేసరికి నాకు పాణం పోయినంత పనైంది. మెట్ల మీద కూలబడ్డ. ఛాతీ మీద చెయ్యి పెట్టుకొని ఎగపోసుకుంట ఉన్న. ఒక సన్నటి అమ్మాయి, బండిల వైద్యం చేసే మెడిక్ అట, సంచి పట్టుకొని టక్కున దుంకింది.

"శంకరమ్మ ఎవరు?"

బడిల హాజరు పిలిచినట్టు చెయ్యి లేపిన!

ఇగ ఆ పిల్ల తప్పేమున్నది చెప్పుండ్రి? పేరు కలిసింది. చెమటలు కలిసినయి. ఆయాసం కలిసింది. చిటికెల నన్ను స్ట్రెచర్ మీద పండవెట్టి మూతికి మాస్కు పెట్టిండ్రు.

"ఏమైందే నీకు?" అని మా ఆయన లేచొచ్చిండు. నన్ను గట్ల చూసి తన నొప్పి తను మర్చిపోయిండు. పైగా నా చెప్పులు చేతుల పట్టుకున్నడు, దవాఖానల కావాలని.

"మీరెవరన్నా?"

"దీని మొగణ్ణి."

"ఎక్కి ఆ సీట్ల కూసో అన్నా, జల్ది!"

"నాకు కాదు" అన్న. మాస్కుల అది "ఊఁ ఊఁ" అన్నట్టు వినవడ్డది.

"మాట్లాడొద్దక్కా, మెల్లగ ఊపిరి తీసుకో."

ఎవరన్న జర గట్టిగ చెప్తే చాలు వినుడు నాకు అలవాటు. నోరు మూసుకున్న. పక్కింటి వరలక్ష్మి వాళ్లది కోస్తా దిక్కు. ఆమె ఉరికొచ్చి నా కాళ్ల మీద చీర సర్దుతున్నది. "అయ్యో వదినగారూ, పొద్దున కూడా బాగానే ఉన్నారు కదండీ!" అని ఏడుపు. బండి కదిలింది.

మెడిక్ పిల్ల నా వేలికి క్లిప్పు పెట్టింది. బీపీ చూసింది. "ఆక్సిజన్ మంచిగనే ఉన్నదక్కా, మరి నొప్పి ఎక్కడున్నది?"

మా ఆయన దిక్కు వేలు చూపించిన.

"అన్నా, అక్క భయపడుతున్నది. జర చెయ్యి పట్టుకో."

ఆయన నా చెయ్యి పట్టుకున్నడు. ఆ చెయ్యి మంచుగడ్డ లెక్క ఉన్నది, నీళ్లు కారుతున్నయి. పెదవులు నల్లబడ్డయి. అయినా నా దిక్కే చూసుకుంట "ఏం కాదే, నేనున్న" అంటున్నడు. ఈ మనిషి నా సిగ్గుతోనే పోయేటట్టున్నడు అనిపించింది. మాస్కు గుంజి పారేసిన.

"నాకేం కాలే బిడ్డా! నేను ఉరికొచ్చిన, గంతే! నొప్పి ఆయనకు!"

ఆ పిల్ల ఒక్కసారి ఆయన మొఖం చూసింది. "డ్రైవరన్నా, పక్కకు ఆపు!"

నన్ను దింపి ఆయనను పండవెట్టింది. ఛాతీకి స్టిక్కర్లు అంటించింది, మిషన్ల కెళ్లి కాగితం వచ్చింది. ఆమె గొంతు మారలే, చేతులు మాత్రం గాలి లెక్క తిరుగుతున్నయి. "కడుపుల పుండ్లు గిట్ల ఉన్నయా అన్నా? ఏ గోలి అన్న పడదా? లేదా? అయితే ఈ గోలి నములు, ఉత్తగ మింగకు." క్లిప్పు పెట్టి చూస్తే ఆయనకు ఆక్సిజన్ తక్కువున్నది. కొత్త మాస్కు పెట్టింది. బండి మళ్లీ ఉరికింది.

దవాఖానకు ఫోన్ కలిపింది. "హార్ట్ అటాక్ కేసు తెస్తున్నం, రెడీగ ఉండండ్రి... అక్కా, అన్న పేరు?"

ఆయన మాస్కుల కెళ్లి చెప్పబోయిండు. "నువ్వు మాట్లాడకు!" అన్నది.

బిడ్డ లేదు. ఎవ్వరు లేరు.

"రాజేశం!" అని ఒర్లిన. డ్రైవర్ కూడ ఉలిక్కిపడ్డడు. గంత నొప్పిల మా ఆయన కనుబొమ్మలు పైకి లేపి నా దిక్కు చూసిండు!

దవాఖాన తలుపు కాడనే డాక్టర్లు తయారున్నరు. నరంల గడ్డ కరగనీకి సూది ఇచ్చిండ్రు. "టైముకు తెచ్చిండ్రు, గండం గడిచినట్టే" అన్నరు పెద్ద డాక్టరు. నేను గోడకు ఒరిగి ఏడ్చిన. మెడిక్ పిల్ల నా భుజం తట్టింది. "ఫోన్ జల్ది చేసినవ్, అదే మంచిగైంది. కానీ అక్కా, పేషెంటును దించి అటెండెంటును పండవెట్టుడు నా డ్యూటీల ఇదే మొదటిసారి!" అని నవ్వింది.

తెల్లారి ఆయన చాయ్ అడిగిండు. నా పాణం కుదుటపడ్డది. వార్డు బయట బెంచి మీద కూసున్న. గప్పుడు వచ్చింది మా కాలనీ. అరటిపండ్లు, బ్రెడ్డు, బత్తాయిలు పట్టుకొని వరలక్ష్మి ముందల, మిగతా ఆడోళ్లంత వెనక.

"అదేంటి వదినగారూ, అప్పుడే లేచి కూర్చున్నారు! పడుకోండి!"

"నాకు కాదు వదినా, ఆయనకు..."

"పాపం, భయం ఇంకా పోలేదు" అని అందరు ఒకరి మొఖాలు ఒకరు చూసుకున్నరు. "అన్నగారేరండీ?"

"లోపల పండుకున్నడు."

"రాత్రంతా మిమ్మల్ని చూసుకుని అలసిపోయుంటారు. పడుకోనివ్వండి పాపం."

గంతమంది ఒక్కసారి నా మొఖం దిక్కు చూసిండ్రు. నాకు సిగ్గయింది. ఏం చేస్త? ఆ బెంచి మీదనే ఒరిగిన. ఒకామె నొసలు మీద చెయ్యి పెట్టింది, ఒకామె కాళ్లు ఒత్తింది. వరలక్ష్మి బత్తాయి వలిచి ఒక్కొక్క తొన నోట్ల పెట్టింది.

పండు మాత్రం మస్తు తియ్యగున్నది.